అందరికీ అంటే మాక్కూడానా?

వాడూ నేనూ ఒకే బెంచీ. ఆరు నుంచి పది దాకా సర్కారు బడి, తెలుగు మీడియం. వాడు లెక్కల్లో ఫస్టు, నేను తెలుగులో ఫస్టు. తురకపిల్లగాడు తెలుగులో ఫస్టు రావడమేమిటని మా పంతులు ప్రతి పరీక్షకీ కొత్తగా ఆశ్చర్యపోయేవాడు. ఆ ఆశ్చర్యం గురించి ఇంకోసారి రాస్తాను. వాడు డాక్టరై అమెరికా పోయాడు. నేను పంతుల్నై ఇక్కడే ఉండిపోయాను.

మొన్న మేనకోడలి పెళ్ళికని వచ్చి మా ఇంట్లో భోంచేశాడు. ఖుబానీ కా మీఠా రెండుసార్లు వేయించుకున్నాడు. మాట మీద మాట వచ్చి సంగతి వైద్యం మీదికి పోయింది. మీ దగ్గర రోగమొస్తే ఇల్లు అమ్ముకోవాలంట, నిజమేనారా అనడిగాను. కొంత నిజమే అన్నాడు. మరి అందరికీ సర్కారే వైద్యం చేయిస్తే ఆ బాధ పోతుంది కదా అన్నాను. వాడి మొహం మారిపోయింది.

"అందరికీ అంటే ఎట్లరా? కష్టపడేటోడు టాక్సు కట్టాలె, ఊరికె కూసునేటోడు మందులు మింగాలె. మా దగ్గర అట్లాంటోళ్ళు మస్తుమంది."

"ఎవరు వాళ్ళు?"

కాసేపు నీళ్ళు నమిలాడు. "నీకు తెల్వదా? ఈడ మీ పాతబస్తీ ఎట్లనో ఆడ వాళ్ళు అట్ల."

మీ పాతబస్తీ! నేను పుట్టింది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. పాతబస్తీలో నాకు ఇల్లు లేదు, చుట్టం లేడు. వాడి సైకిలు వెనక కూర్చుని అయిదేళ్ళు బడికి పోయినవాణ్ణి. ముప్ఫై ఏళ్ళ తర్వాత నా ఇంట్లో, నా దస్తర్‌ఖాన్ మీద, నాకో కొత్త అడ్రసు రాసిచ్చి పోయాడు.

వాడు చెడ్డవాడని చెప్పడానికి ఇది రాయడం లేదు. మా అమ్మీ పోయినప్పుడు అంత దూరం నుంచి ఫోను చేసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చెడ్డవాడు ఆ మాట అంటే నాకింత దిగులుండేది కాదు. ఇంకో సంగతి వాడికి ఆ రోజు చెప్పలేకపోయాను. వాడు చదివింది సర్కారు మెడికల్ కాలేజీ. కట్టిన ఫీజు ఎంతో నాకు తెలుసు, అప్పుడు వాడే చెప్పాడు. వాడి చెయ్యి తిరిగింది సర్కారు దవాఖానలో బీదోళ్ళ ఒళ్ళమీద. కుట్లు వేయడం నేర్చుకున్న పొట్టల్లో మా ఖాలా పొట్ట కూడా ఉండే ఉంటుంది. ఆ రోజుల్లో వాడికి 'అందరికీ' అనే మాట గొంతుకి అడ్డం పడలేదు.

అందరికీ వైద్యం వద్దనేవాళ్ళు చెప్పే కారణాలు మనకందరికీ కంఠతా వచ్చు. డబ్బెక్కడిది? క్యూలు పెరుగుతాయి. డాక్టర్లు పారిపోతారు. ఊరికే వచ్చినదానికి విలువుండదు. వీటిలో కొన్ని నిజమైన ప్రశ్నలే, నేను కొట్టిపారెయ్యను. కానీ ఆ పొరలు ఒక్కొక్కటే వలుచుకుంటూ పోతే అడుగున ఇంకో ప్రశ్న ఉంటుంది. దాన్ని ఎవరూ సభల్లో అడగరు. భోజనాల దగ్గర అడుగుతారు: అందరికీ అంటే వాళ్ళకి కూడానా?

నా మిత్రుడు ఉండే దేశం చరిత్రే చూడండి. 1945 నవంబరులో అధ్యక్షుడు ట్రూమన్ దేశం మొత్తానికీ ఆరోగ్య బీమా పెడదామని కాంగ్రెసుని అడిగాడు. మొదట్లో జనం మొగ్గు చూపారు కూడా. అప్పుడు దిగింది డాక్టర్ల సంఘం, అమెరికన్ మెడికల్ అసోసియేషన్. సభ్యులందరి దగ్గరా తలా 25 డాలర్లు వసూలు చేసింది. క్లెమ్ విటకర్, లియోన్ బాక్స్‌టర్ అనే ఇద్దరు మొగుడూ పెళ్ళాల ప్రచార కంపెనీని కుదుర్చుకుంది. కాలిఫోర్నియాలో గవర్నరు ఎర్ల్ వారెన్ పెట్టబోయిన ఆరోగ్య బీమాని పడగొట్టిన చేతులే అవి. 1949 ఒక్క ఏడాదిలోనే పదిహేను లక్షల డాలర్లదాకా ఖర్చు పెట్టారు. ఇది సోషలిస్టు వైద్యం అన్నారు. లెనిన్ కూడా దీన్నే కోరుకున్నాడని ఆయన పేర ఒక వాక్యం అచ్చేశారు. వాళ్ళ దేశపు లైబ్రరీవాళ్ళే వెతికితే లెనిన్ రాతల్లో ఆ వాక్యం ఎక్కడా దొరకలేదు. కుర్చీల మీద పడుకోబెట్టిన జబ్బుపడ్డ పిల్ల, పక్కన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్న డాక్టరు ఉన్న ల్యూక్ ఫిల్డిస్ బొమ్మని పోస్టర్లేసి, ఈ బొమ్మలోకి రాజకీయాలు రానివ్వకండని దేశమంతా ఊరేగించారు.

ఆ బొమ్మలో పిల్ల తెల్లపిల్ల. డాక్టరూ తెల్లవాడే. ఆ రోజుల్లో దక్షిణాది రాష్ట్రాల్లో నల్ల డాక్టర్లని స్థానిక వైద్య సంఘాల్లో చేర్చుకునేవాళ్ళు కాదు. అక్కడ చేరనిదే పెద్ద సంఘంలో చోటుండదు. అందుకే వాళ్ళు 1895లోనే తమకంటూ నేషనల్ మెడికల్ అసోసియేషన్ పెట్టుకోవాల్సి వచ్చింది. జరిగినదానికి పెద్ద సంఘం క్షమాపణ చెప్పుకున్నది 2008లో. రెడ్‌క్రాస్ వాళ్ళు 1950 దాకా రక్తం సీసాలమీద జాతి పేరు రాసేవాళ్ళు. గ్రూపు కలిస్తే చాలదు, రంగు కూడా కలవాలి! 1946లో హిల్-బర్టన్ చట్టం కింద ఆస్పత్రులు కట్టడానికి కేంద్రం డబ్బిచ్చింది. వేరుగా అయినా సమానంగా ఉంటే చాలు అని ఆ చట్టంలోనే రాసుకున్నారు. అంటే సర్కారు సొమ్ముతోనే వేరు గుమ్మాలు, వేరు వార్డులు లేచాయి. 1963లో నార్త్ కరొలినా ఆస్పత్రి కేసులో కోర్టు కొట్టేసేదాకా అది చట్టమే.

ఇలాంటి దేశంలో 'అందరికీ' అంటే అర్థమేమిటో ఆలోచించండి. ఒకే వార్డు అని. ఒకే క్యూ అని. ఢిల్లీ లాంటి వాషింగ్టన్ నుంచి ఒక ఆఫీసరు వచ్చి మీ ఆస్పత్రిలో నల్లవాళ్ళు ఏ మంచం మీద ఉన్నారో చూపించండి అంటాడని. దక్షిణాది కాంగ్రెసు సభ్యులకి ఇది బాగా తెలుసు. వాళ్ళ భయం ఉత్త భయం కాదని తర్వాత రుజువైంది కూడా. 1965లో జాన్సన్ ముసలివాళ్ళ కోసం మెడికేర్ తెచ్చాడు. మొదటి కార్డు ముసలి ట్రూమన్‌కే ఇచ్చాడు. అంతకు ముందు ఏడే పౌరహక్కుల చట్టం వచ్చింది. వివక్ష ఉన్నచోటికి కేంద్రం డబ్బు పోదు. మెడికేర్ డబ్బు కావాలంటే వార్డులు కలపాల్సిందే అన్నారు. 1966లో కొద్ది నెలల్లోనే వెయ్యికి పైగా ఆస్పత్రుల్లో గోడలు కూలాయి. అంతకు ముందు ఎన్ని ఉపన్యాసాలు చేసినా జరగని పని బిల్లుల చెల్లింపు చేసింది. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. మనసులు మారేదాకా ఆగుదాం అనేవాళ్ళకి చెప్పదగిన కథ.

ఆ మెడికేర్‌ని కూడా ఊరికే రానివ్వలేదు. 1961లో డాక్టర్ల భార్యలు ఇరుగుపొరుగు ఆడవాళ్ళని కాఫీకి పిలిచి ఒక గ్రామఫోను రికార్డు వినిపించేవాళ్ళు. ముసలివాళ్ళకి సర్కారు వైద్యం వస్తే స్వేచ్ఛ చచ్చిపోతుందని అందులో చెప్పింది ఒక సినిమా నటుడు, పేరు రోనాల్డ్ రీగన్. విన్నవాళ్ళు అక్కడే కాగితం కలం తీసుకుని కాంగ్రెసు సభ్యుడికి ఉత్తరం రాయాలి. ఆయన తర్వాత ఎనిమిదేళ్ళు అధ్యక్షుడిగా చేశాడు. మెడికేర్‌ని మాత్రం తీసెయ్యలేదు. చేతికి వచ్చిన తర్వాత దాన్ని ఎవడు వదులుకుంటాడు? 2009లో ఒబామా చట్టానికి వ్యతిరేకంగా సభల్లో అరిచినవాళ్ళలో ఒకాయన, నా మెడికేర్ జోలికి సర్కారు రావద్దని అడ్డం తిరిగాడు. తను తింటున్నది సర్కారు కూడేనని ఆయనకి తోచలేదు. ఎందుకంటే తనకొచ్చేది హక్కు. పక్కవాడికొచ్చేది బిచ్చం.

జాతి ఒక్కటే కారణమంటే నేను అబద్ధమాడినట్టే. బీమా కంపెనీల లాభాలున్నాయి. 1993, 94లో క్లింటన్ పథకాన్ని టీవీ ప్రకటనలతో చంపింది వాళ్ళే. యుద్ధకాలం నుంచి ఉద్యోగంతో పాటు బీమా వచ్చే పద్ధతి పాతుకుపోయింది కాబట్టి, ఉన్నది పోతుందేమోనన్న భయం మామూలు కార్మికుడికి కూడా ఉంది. అది నిజమైన భయమే. కానీ లాభం కోసం అడ్డుపడేవాడి సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. నష్టపోతూ అడ్డుపడేవాడి మాటేమిటి? 2012లో సుప్రీంకోర్టు, బీదల కోసం మెడికెయిడ్‌ని విస్తరించాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టం అంది. ఖర్చులో చాలాభాగం కేంద్రమే భరిస్తానన్నా 2025 నాటికి పది రాష్ట్రాలు వద్దనే కూర్చున్నాయి. ఎక్కువ భాగం దక్షిణాదివే. వాటిలో టెనసీ ఒకటి. పక్కనున్న కెంటకీ ఒప్పుకుంది. టెనసీలో పనిచేసే జోనథన్ మెట్జల్ అనే మానసిక వైద్యుడు 2019లో ఒక పుస్తకం వేశాడు. అందులో కాలేయం చెడిపోయిన ఒక బీద తెల్లవాడున్నాడు. రాష్ట్రం ఒప్పుకుంటే ఆయనకి వైద్యం దొరికేది. ఆయనే వద్దంటాడు. తన టాక్సు డబ్బు మెక్సికన్లకీ సోమరులకీ పోవడం కంటే చావడమే మేలంటాడు.

ఇది చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తను చచ్చినా పరవాలేదు, పక్కవాడు బతకకూడదు. మన దగ్గర పాత సామెతలో మొగుడు పోయినా పరవాలేదు, సవతి ముండమోయాలి అనుకున్నదే, దానికి ఇక్కడ తుపాకీ, జెండా, బైబిలు తోడయ్యాయి.

అమెరికా గురించి ఇంతసేపు ఎందుకయ్యా అని మీరు అడగొచ్చు. అక్కడ దాన్ని పైకి చెప్పుకుంటారు, లెక్కలున్నాయి, చట్టసభలో ఓట్లు పడ్డాయి కాబట్టి. మన దగ్గర అందరికీ వైద్యం వద్దని ఎవరూ ఊరేగింపు తియ్యరు. 1946లోనే భోర్ కమిటీ, డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ వైద్యం అందకుండా ఉండకూడదంది. ఎవరూ కాదనలేదు. అలమారాలో పెట్టారు. 1989లో పరమానంద కటారా కేసులో, ప్రమాదంలో ఉన్న మనిషికి ముందు వైద్యం చెయ్యండి, కాగితాలు తర్వాత అని సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరూ కాదనలేదు. ముందు అడ్వాన్సు కట్టి రండి అన్నారు.

మన వ్యతిరేకత నినాదాల్లో ఉండదు, కాళ్ళలో ఉంటుంది. సర్కారు దవాఖాన ముందునుంచి నడిచి వెళ్ళిపోవడంలో ఉంటుంది. కలెక్టరు భార్య కాన్పు అక్కడ జరిగితే పేపర్లో ఫోటో వేస్తారు, అదొక అద్భుతమన్నట్టు! మాట చెల్లేవాళ్ళంతా క్యూలోంచి తప్పుకున్నాక మిగిలిన క్యూ గురించి ఎవరు అరుస్తారు? ఏడో నిజాం కాలం నాటి ఉస్మానియా దవాఖానలో 2020 జులై వానకి వార్డుల్లోకి నీళ్ళొచ్చాయి. రోగులు మంచాల మీద, నీళ్ళు మంచాల కింద. ఆ వార్డుల్లో నా మిత్రుడి చుట్టాలుంటే ఆ నీళ్ళు రావడానికి అన్నేళ్ళు పట్టేదా, రాకుండా ఆపడానికి అన్నేళ్ళు పట్టేదా?

పైకి వచ్చి అడ్డుపడిన సందర్భం ఒకటుంది. రాజస్థాన్. 2023 మార్చి 21న అక్కడి అసెంబ్లీ ఆరోగ్య హక్కు చట్టం చేసింది. అత్యవసర స్థితిలో వచ్చినవాడిని ముందు డబ్బడగకుండా చూడాలి, అతను కట్టలేకపోతే సర్కారు కడుతుంది. ఇంతే. రాష్ట్రమంతా ప్రైవేటు డాక్టర్లు ఓపీలు మూసి రోడ్డెక్కారు. అత్యవసరమంటే ఏమిటో చట్టంలో తేల్చి చెప్పలేదన్నారు. సర్కారు బిల్లులు చెల్లించదన్నారు. ఈ రెండోదాంట్లో నిజముంది. ఆరోగ్యశ్రీ బకాయిలు రాలేదని మన రెండు రాష్ట్రాల్లోనూ ఆస్పత్రులు సేవలు ఆపుతామనడం, ఆపడం ఎన్నిసార్లు చూడలేదు? అయితే బిల్లు చెల్లించనివాడి మీద కోపం బిల్లు చెల్లించని సర్కారు మీద ఉండాలి గాని, స్ట్రెచర్ మీద ఉన్నవాడి హక్కు మీద ఎందుకు? ఏప్రిల్ 4న రాజీ కుదిరింది. 50 పడకలకన్నా తక్కువున్న ఆస్పత్రులకీ, సర్కారు దగ్గర స్థలమో రాయితీయో తీసుకోనివాటికీ చట్టం వర్తించదన్నారు. ఇక మిగిలిందేమిటి? హక్కు ఉంది, దాన్ని పట్టుకుని ఏ గుమ్మానికి పోవాలో తెలీదు.

ఇప్పుడు మా సంగతి.

ఖాలాకి పేగుకి ఆపరేషను చెయ్యాల్సివచ్చి ఆరోగ్యశ్రీ కింద పట్నంలో ఒక ఆస్పత్రికి తీసుకుపోయాం. కార్డులో ఆమె పేరు 'షేక్ మహబూబ్ బీ'. ఆధార్‌లో 'ఎస్.కె. మహబూబీ'. ఊళ్ళో ఓటరు లిస్టులో ఉత్త 'మాబి'. కౌంటరు దగ్గర పిల్లగాడు మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఇందులో పేషెంటు ఎవరు అనడిగాడు. మా పేర్లు తెలుగులో ఎట్లా రాయాలో ఈ రాష్ట్రంలో ఏ గుమాస్తాకీ ఎవరూ నేర్పలేదు. ఎవరికి తోచినట్టు వాళ్ళు రాస్తారు, తప్పు మాది అవుతుంది. తహసిల్దారు ఆఫీసు చుట్టూ నేను నాలుగు రోజులు తిరిగాను. ఆ నాలుగు రోజులూ ఖాలా పొట్ట పట్టుకుని వరండాలో పడుకుంది. అక్కడ ఆయమ్మ ఒకతె, మీవాళ్ళకి పిల్లలెక్కువ కదా, కొడుకులెవరూ చూడరా అంది. ఖాలాకి పిల్లల్లేరు.

ఆఖరికి సర్కారు దవాఖానలోనే చేయించాం. అక్కడ పది రూపాయల చీటీ రాసే మనిషి పేరు అడిగాడు. 'మాబి' అన్నాను. మాబి అని రాసుకుని వార్డు చూపించాడు. కార్డడగలేదు. బెడ్డు సగం విరిగింది, దూది మేమే కొన్నాం, వార్డుబాయికి యాభై ఇచ్చుకున్నాం. అబద్ధమెందుకు? కానీ చేశారు. రాత్రి ఎక్కించిన రక్తం సీసా మీద గ్రూపు మాత్రమే రాసి ఉంది.

సెక్యులర్ మిత్రులారా, అందరికీ వైద్యం గురించి మీరు మాట్లాడుతూనే ఉన్నారు, సంతోషం. మీరు దాన్ని వర్గం సమస్యగా చెబుతారు. బీదలకి మేలు అంటారు. కాదనను. అయితే మాకు అందులో ఇంకో అర్థం ఉందని మీకు తోచిందా? 'అర్హులకి' అన్నచోటల్లా ఒక గుమ్మం ఉంటుంది. గుమ్మం ఉన్నచోట ఒక మనిషి కూర్చుంటాడు. ఆ మనిషి మా పేరు చదువుతాడు, గడ్డం చూస్తాడు, బురఖా చూస్తాడు. 2020 ఏప్రిల్‌లో మీరట్‌లో ఒక ఆస్పత్రి, ముస్లిములు కరోనా లేదని కాగితం తెస్తేనే రావాలని పేపర్లో ప్రకటన వేయించింది. తబ్లీగీవాళ్ళని ఆ రోజుల్లో టీవీలు ఏం చేశాయో మీరూ చూశారు. వాళ్ళని బలిపశువుల్ని చేశారని ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు బెంచి అంటే, ఆ వార్త ఎన్ని టీవీల్లో వచ్చింది? పథకం ఎంత గొప్పదైనా గుమ్మంలో మనిషి మారడు. గుమ్మమే లేకపోతే ఆ మనిషితో పని లేదు. మాకు 'అందరికీ' కావలసింది అందుకు. అది దయ కాదు, సమానత్వం మీద ఉపన్యాసం కూడా కాదు. పేరు అడగకుండా సీసా ఎక్కించడం.

2024 అక్టోబరులో ఆయుష్మాన్ భారత్‌ని 70 ఏళ్ళు దాటినవాళ్ళందరికీ ఇచ్చారు. బీదా గొప్పా లేదు. ఎవరైనా వద్దన్నారా? టాక్సు కట్టేవాళ్ళ సొమ్మని ఏడ్చారా? ముసలితనం అందరికీ వస్తుందని అందరికీ తెలుసు. తురకతనం రాదు కదా.

మావాళ్ళని కూడా ఒక మాట అనకపోతే ఈ రాత సగమే. గల్ఫు డబ్బు నాలుగు రాళ్ళు వెనకేసుకున్నవాళ్ళు మా ఊళ్ళో కొందరు కలిసి ఒక క్లినిక్ పెడదామంటున్నారు. మంచి పనే. చందా పుస్తకం అచ్చేశారు. 'మనవాళ్ళ కోసం, మన దవాఖాన' అని పైన రాశారు. నాకు ఆ మాట దగ్గర కాలు ఆగింది. అవమానాలు పడీపడీ వాళ్ళు అక్కడికి చేరారని నాకు తెలుసు. నల్ల డాక్టర్లు వేరే సంఘం పెట్టుకున్నది సరదాకి కాదు. కానీ ఆ నల్ల డాక్టర్లు తమ సంఘంతో తృప్తిపడి ఊరుకోలేదు. పెద్ద ఆస్పత్రి తలుపుల మీద కోర్టుకి పోయినవాళ్ళలో వాళ్ళున్నారు. మనం కూడా మన దవాఖాన కట్టుకుని, సర్కారు దవాఖాన ముందునుంచి నడిచి వెళ్ళిపోతే మాబి లాంటివాళ్ళ క్యూలో నిలబడి అరిచేదెవరు? నా మిత్రుడు 'వాళ్ళకి' వద్దంటున్నాడు, మనం 'మనకి' చాలంటున్నాం. రెండూ ఒక పుస్తకంలో పేజీలే.

నమాజు తర్వాత మసీదు మెట్ల మీద ఈ మాటే అన్నాను. పైన రాసింది కొట్టేసి ఉత్త 'దవాఖాన' అని పెట్టండి, నా నెల జీతం ఇస్తానన్నాను. ఒక పెద్దాయన, మాస్టర్‌సాబ్, వాళ్ళ ఆస్పత్రుల్లో మనల్ని రానిస్తున్నారా అనడిగాడు. కొన్నిచోట్ల రానివ్వడం లేదు, నిజమే అన్నాను. ఇంకొకాయన, ఇరవై ఏళ్ళు జెద్దాలో డ్రైవరు పని చేసి వచ్చినాయన, నేను ఆడ జబ్బు పడితే నన్నెవడూ ఏ ఊరని అడగలేదని అన్నాడు. పక్కనున్నవాడు, అడిగారు, నీ ఇఖామా అడిగారు అన్నాడు. అందరూ నవ్వారు. ఏదీ తేలలేదు. చందా పుస్తకం ఒకటి నాకూ ఇచ్చి పోయారు. యాభై రసీదులు. బల్ల మీదే ఉంది, ఇంకా ఒక్కటీ చింపలేదు.